బోర్లించరాని కలశం

మా నాన్న జోగయ్యను బంధువులంతా చైనా జోగయ్య అనేవారు. డ్రాయింగ్ మాస్టారుగా ఉన్న రోజుల్లో ఆయన హొసకోటె సంతలో లేత తమలపాకు రంగు జాడీ ఒకటి కొని, ఇది ఎనిమిది వందల ఏళ్లనాటి చైనా సెలడాన్ పాత్ర, అంటే ఆకుపచ్చ మెరుగు పింగాణీ అని ఊరంతా చాటారు. "చింతకాయ పచ్చడి పెట్టుకోరా, నిలవుంటుంది" అని మా పెదనాన్న పెళ్లిళ్లలో కూడా వదలకుండా ఎగతాళి చేసేవాడు. నిపుణులకు చూపిద్దామంటే నాన్న ఒప్పుకునేవారు కాదు. వాళ్లు దాన్ని బోర్లించి అడుగు చూస్తారు, అదొక్కటీ కుదరదనేవారు. ఆ పేరు మోస్తూనే పోయారు. నాకు కడుపు మండిపోయేది. నిపుణుల నోట అది అసలుదని ఒక్కసారి అనిపించి, పెదనాన్న నోరు మూయించాలి.

మ్యూజియం నుంచి పాత పింగాణీ నిపుణుడు అభిజిత్ గారు వచ్చి చూస్తానన్నారు. ఈలోగా ఆఫీసువాళ్లు నన్ను నాలుగు నెలలు పుణెకు తోలారు. తిరిగి కుందలహళ్ళి ఫ్లాటుకు వచ్చేసరికి హాల్లో పదిమంది ఆడవాళ్లు హారతి పాడుతున్నారు. టేబుల్ మీద నాన్న జాడీ. దానికి పసుపు కుంకుమలు, మూతి మీద కొబ్బరికాయ, కాయలోంచి మూరెడు మొక్క.

"వరలక్ష్మి పూజకు చెంబు చిన్నదిగా ఉండాదని దీంట్లోనే కలశం పెట్టినానమ్మా" అంది, తాళాలిచ్చి ఇల్లు అప్పగించి వెళ్లిన మా వంటమనిషి అంజినమ్మ. "ఉద్వాసన ఇంటామె చెప్పాల కదా, నీ కోసరం అట్లే ఉంచినా. చూస్తే కాయ మొలిచిండాది! అమ్మవారు మనింట్లోనే ఉండిపోయిందమ్మా."

"మొక్క పీకెయ్. రేపు మ్యూజియం ఆయన వస్తారు, జాడీని బోర్లించాలి."

పదిమందీ లెంపలేసుకున్నారు. మొలిచిన కలశాన్ని కదిపితే వంశం కదులుతుందట. మా వంశమంటే నేనొక్కదాన్నే. జాడీ అడుగునుంచి బయటికి ఊరే నీళ్లను అప్పటికే తీర్థంగా పంచుతున్నారు. అసోసియేషన్ సెక్రటరీ నేత్రావతి లిఫ్టు పక్కన దర్శన వేళలు కూడా అంటించేసింది.

మర్నాడు అభిజిత్ వచ్చి, అడుగు చూడకుండా ఏమీ చెప్పలేనన్నారు. కదిపితే గుమ్మానికి అడ్డంగా పడుకుంటానంది అంజినమ్మ. చివరికి హెబ్బగోడి నుంచి వడ్రంగి స్టాన్లీని పిలిపించాను. జాడీని వెంట్రుకవాసి కదపకుండా టేబుల్‌కు కిందనుంచి కంత పెట్టాలి. పైన మంత్రాలు, కింద రంపం. రాలిన పొట్టు కూడా మహిమగలదేనని ఒకావిడ కాగితంలో పొట్లం కట్టుకుంది.

అభిజిత్ సెల్‌ఫోన్ లైటు పట్టుకుని, బస్సు కింద మెకానిక్కులా వెల్లకిలా దూరారు. తీర్థం కంట్లో పడినట్టుంది, రెండుసార్లు తుడుచుకున్నారు.

"అసలుదేనండీ. హండ్రెడ్ పర్సెంట్."

నేను వెంటనే పెదనాన్నకు ఫోన్ కలిపాను.

"కానీ అడుగు ఎప్పుడో మూడు ముక్కలైంది. అతికించారు. ఆ అతుకు కూడా నీళ్లకు వదిలేసింది. ఇప్పుడు కొబ్బరి వేళ్లే పట్టుకుని ఉన్నాయి, మొక్క పీకితే జాడీ ఉండదు." లైటు ఇంకాస్త దగ్గరగా పెట్టారు. "తెలుగులో ఏదో రాసుందండీ. నాకు చదవడం రాదు."

ఫోన్ చెవిన పెట్టుకునే నేనూ కింద దూరాను. నల్లరంగుతో నాన్న గుండ్రటి అక్షరాలు: 'ఇది చూసినవారు పాపను ఏమీ అనకండి. ఐదేళ్ల పిల్ల.'

అప్పుడు గుర్తొచ్చింది: నా బంతి తగిలి జాడీ కింద పడటం, నేను మంచం కింద దాక్కోవడం, తెల్లారి చూస్తే జాడీ ఎప్పటిలా నిలబడి ఉండటం. అదంతా కల అనుకుని మర్చిపోయాను. నా కోసం నాన్న ముప్పై ఏళ్లు నవ్వులపాలయ్యారు. ఏడుపు ఆగలేదు.

ఫోన్‌లో పెదనాన్న హలో హలో అంటున్నాడు.

"పెదనాన్నా, జాడీ అసలుదే. పగలగొట్టింది నేను" అన్నాను, టేబుల్ కిందనుంచే.

పైనుంచి అంజినమ్మ వంగి చూసింది. "ఏమ్మా, అమ్మవారు ఏమన్నా చెప్పిందా?"

"మా నాన్న చెప్పాడు. కాయకు నీళ్లు పొయ్యి అంజినమ్మా."