అరవైకి యాభై ఎనిమిది

పక్షవాతం వచ్చిన మా ఆయనకి కాలూ చెయ్యీ కాస్త స్వాధీనంలోకి వచ్చాయి గాని, మాట మాత్రం తిరిగి రాలేదు. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టు పెట్టి ముప్పై ఏళ్ళు నోటితోనే నెగ్గుకొచ్చిన మనిషి. ఇప్పుడు మనం అన్నదంతా అర్థమవుతుంది, తను అనాలనుకున్నదానికే మాట దొరకదు. దాన్ని అఫేసియా అంటారట.

విజయవాడలోనే డాక్టర్ జయంత్ గారు దానిమీద పరిశోధన చేస్తున్నారంటే చేర్పించాం. మూడు నెలలు శిక్షణ, చివర్లో పరీక్ష. ఆ తర్వాత కొందరిని ఇంకో ఏడాది ఉంచుకుంటారు. ఎవరిని అని మేం అడగలేదు. అడగడానికేముంది, మార్కులొచ్చినవాళ్ళనే అనుకున్నాం. పరీక్షంటే మొదట్లోనూ చివర్లోనూ అవే అరవై బొమ్మలు చూపిస్తారు, పేర్లు చెప్పాలి. మొదటిరోజు మా ఆయనకి తొమ్మిది వచ్చాయి. ఇగ్లూలూ పెంగ్విన్లూ ఆటోనగర్‌కి ఎప్పుడొచ్చాయి గనక?

శిక్షణ ఇచ్చే అమ్మాయి కీర్తన మాత్రం బంగారం. బొమ్మలు పక్కనబెట్టి, మా కొట్లోంచి బేరింగులూ బోల్టులూ తెప్పించి ముందు పోసేది. తనే కొనడానికొచ్చినట్టు బేరమాడేది. ఆరో వారంలో ఒకరోజు అన్నం తింటూ మా ఆయన, "ఉప్పు... ఎక్కువ" అన్నారు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. జబ్బు చేసిన ఐదు నెలల తర్వాత నా వంటకి వంకపెట్టారు మరి!

ఎలాగైనా ఆ ఏడాది సీటు రావాలనుకున్నాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది. మా అబ్బాయి జయకృష్ణ కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. "నాన్నకి తొమ్మిదేంటమ్మా, ఎవరైనా వింటే నవ్విపోతారు" అన్నాడు. కీర్తన ఫోన్ మాట్లాడటానికి బయటికెళ్ళినప్పుడు అరవై బొమ్మలూ ఫోటోలు తీసి వాడికి పంపింది నేనే. వాడు రంగుల్లో మెటీరియల్ వేయించాడు. పొద్దున్నే స్టడీ అవర్, సాయంత్రం రివిజన్, ఆదివారం గ్రాండ్ టెస్టు. ఆయన బేరింగు చేతిలోకి తీసుకుంటే లాగేసుకుని, "సిలబస్‌లో లేనివి మనకెందుకు నాన్నా" అనేవాడు. ఉప్పు కూడా సిలబస్‌లో లేదు. ఆ మాట నేను మళ్ళీ వినలేదు.

ఆఖరి పరీక్షలో అరవైకి యాభై ఎనిమిది వచ్చాయి. డాక్టర్ గారి మొహం వెలిగిపోయింది.

"సార్, ఒక్కసారి వేరే బొమ్మలతో చూద్దామా?" అని కీర్తన నసిగింది.

"పద్ధతి మధ్యలో మార్చకూడదమ్మా. వచ్చే నెల సింగపూర్ సదస్సులో పేపర్ చదవాలి" అని, డాక్టర్ గారు నావైపు తిరిగారు. "ఇంట్లో కూడా బాగా మాట్లాడుతున్నారాండీ?"

ఇది సీటుకి ఇంటర్వ్యూ అనుకున్నాను. "గలగలా మాట్లాడుతున్నారండీ" అన్నాను.

"చాలా సంతోషం. అయితే సంజీవరావు గారికి ఇక మాతో పనిలేదు. యాభై దాటితే నయమైనట్టే. ఆ ఏడాది శిక్షణ మాట రానివాళ్ళ కోసం కదండీ."

మార్కులెక్కువొస్తే సీటు పోయే పరీక్ష ఒకటుంటుందని మా బెజవాడలో ఎవరికి తెలుసు? నాతో వచ్చిన జయకృష్ణ కుర్చీ నా పక్కకి జరుపుకున్నాడు.

మా ఆయనకి అంతా అర్థమైంది. కుర్చీలోంచి లేవలేదు. ఎడంచేత్తో బల్ల అంచు పట్టుకుని, కీర్తన వంక చూస్తూ, మెడ నరాలు పొంగేలా ఏదో చెప్పబోయారు. "నే... నే..." అని ఆగిపోయారు. ఆయనకి కావలసిన మాటకి ఆ అరవైలో బొమ్మ లేదు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"ఏమంటున్నారండీ?" అని నన్నడిగారు డాక్టర్ గారు పెన్ను తీసి.

ఏమంటున్నారో నాకు తెలుసు. ఇంకా వస్తానంటున్నారు. ఆ మాట ఆయన బదులు నేను చెప్పొచ్చు. చెబితే ఫోటోల సంగతీ, కోచింగ్ సంగతీ చెప్పాలి. పక్కన కొడుకు నా చెయ్యి గట్టిగా నొక్కుతున్నాడు. వాడూ నలుగురికి పాఠాలు చెప్పేవాడాయె.

"మీకు థాంక్స్ చెబుతున్నారండీ" అన్నాను.