మూయకూడని కైవారం

మా ఆయన జీవన్ కుమార్‌కు గీతలు గీసే పాత సామాన్ల పిచ్చి. కాలువల ఆఫీసులో నక్షాలు గీసి రిటైరైన మనిషి, గీయడం మానేశాక గీసే సామాన్లు కూడబెట్టడం మొదలుపెట్టాడు. ఇత్తడి కంపాసులు, దంతపు స్కేళ్లు, ఇంకు నింపి గీసే పాత పెన్నులు, అన్నీ నంద్యాలలో మా ముందు గదిలో అద్దాల బీరువాలో మఖ్మల్ గుడ్డ మీద పడుకుని ఉంటాయి. నా పట్టుచీరలకు మాత్రం ఇనప ట్రంకు పెట్టె.

ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే కొండయ్య పోయాడని తెలిసి, ఆ ఇంటికి వెళ్లి ఓ పెద్ద ఇత్తడి డివైడరు తెచ్చాడు. వాళ్లు దాన్ని కైవారం అంటారు. కొండయ్య తమ్ముడు సుబ్బయ్య పాత పనిముట్లలోంచి తీసి ఇచ్చాడట. జానెడు పొడవు కాళ్లు రెండూ తెరుచుకుని, మరతో బిగించి ఉన్నాయి. ఈయన వచ్చీ రాగానే చింతపండు పెట్టి తోమి, మర వదులు చేసి, కాళ్లు మూసి, బీరువాలో పెట్టి మురిసిపోయాడు.

మర్నాడు కొండయ్య భార్య రామమ్మ ఫోన్ చేసింది. నేనే ఎత్తాను.

"అక్కా, నేను చాగలమర్రి పోయినప్పుడు మా మరిది తెలీక ఇచ్చినాడు. దాన్ని మూయొద్దక్కా. అది మా పాప మొగం కొలత. బొమ్మ చెక్కాలని మా ఆయన గడ్డం కాన్నుంచి నుదురు దాకా పట్టినాడు. అంతలోనే జొరమొచ్చి పాప పాయ, పదేండ్లాయ. ఆయనకు చెయ్యి ఆడల్యా. రాయి పూర్తయ్యేదాకా మా ఇండ్లల్లో కైవారం మూయరు. ఇప్పుడు మా మరిది చెక్కుతానన్నాడు."

"ఫొటో లేదా తల్లీ?"

"ఫొటోలో మొగముంటాది గానీ కొలతుండదు గదక్కా."

మా ఆయన ఫోన్ లాక్కుని, "అట్లే ఉండాదమ్మా, ఆదివారం తెస్తా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఇంత అబద్ధమా? ఆయమ్మకు ఏ కొలత తీసకపోతావయ్యా?"

ఆయన బీరువాకు తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాడు.

తెల్లారి బీరువా అద్దం తుడవబోతే లోపల కైవారం తెరుచుకుని ఉంది. మొనలు మఖ్మల్‌లో దిగి ఉన్నాయి. తాళం చెవి మా ఆయన జేబులోనే ఉంది. ఆయన చూసి, "తెచ్చినప్పుడు ఇంతే ఉండె. కొలత దొరికింది లూదియా!" అని మర గట్టిగా బిగించాడు. నేను అద్దం తుడవకుండానే వెనక్కి వచ్చేశాను.

మరుసటి పొద్దున ఒక మొన ఉన్నచోటే ఉంది. రెండోది దానికి కొంచెం దూరంగా జరిగి, గుడ్డకు కొత్త బెజ్జం చేసింది. ఆ తర్వాతి పొద్దున ఇంకొంచెం. మర బిగించినా ఆగలేదు. బీరువా దగ్గరికి వెళితే పక్కన ఎవరో పిల్ల నిలబడి ఊపిరి తీస్తున్నట్టుండేది. నోటిదాకా వచ్చిన ప్రార్థన ఆగిపోయేది. ఒక తల్లి బిడ్డను పొమ్మనడానికి నాకు మనసు రాలేదు.

ఆదివారం చర్చి మానేసి, ఆ గుడ్డా కైవారమూ పట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాం. రామమ్మ ఇంటి ముందు పందిట్లో ఇంకా ఉలి తగలని రాయి ఉంది. మా ఆయన చెప్పులు విడిచి నిలబడి, "మూసినానమ్మా. నీకు అబద్ధం చెప్పినా" అన్నాడు. జరిగిందంతా చెప్పి గుడ్డ పరిచాడు.

రామమ్మ తిట్టలేదు. మొదటి బెజ్జం మీద వేలు పెట్టి, ఒక్కొక్కటీ తడుముతూ చివరి దాకా వెళ్లింది.

"పెరుగుతాంది" అంది. "బతికింటే ఇప్పుడు ఇంటరు చదువుతా ఉండేది."

సుబ్బయ్య కళ్లు తుడుచుకుని కైవారం అందుకున్నాడు. "అన్న పట్టిన కొలత ఇదే గదా వదినా" అని, మర వదులు చేసి, రెండో మొనను మొదటి బెజ్జానికి తేబోయాడు. రామమ్మ అతని చెయ్యి పట్టుకుని చివరి బెజ్జం మీదికి జరిపింది.

"ఇది పెట్టు సుబ్బయ్యా. చిన్నప్పటి మొగం నాకు గుర్తుండాది. పెద్దయిన మొగమే నేను చూడల్యా."