తలా రెండు నిమిషాలు

నల్లకోటు తొడుక్కుని, చీజ్ వేసి కాల్చిన బంగాళాదుంపల పళ్ళెం పట్టుకుని వెండెల్ కోర్టు హాలు గుమ్మంలో నిలబడ్డాడు. ఆ ఊళ్ళో ఆ పళ్ళెం వెళ్ళేది చావింటికే.

"ఎవరు పోయారమ్మాయ్?" అన్నాడు ముసలాయన.

ఫ్యాక్టరీలో పనిచేసే ఒబ్దూలియా తెల్లబోయింది. పొద్దున ఫోనులో తను "విచారణకి రా" అంది. తెగి తెగి వినబడి, ఆయన చెవిలో "విచారం" మిగిలింది. "తర్వాత చెప్తా పెద్దాయనా, కూర్చో" అంది. కానీ నల్లకోటును చూసి ఎవరో టోపీ తీశారు, వెనకవాళ్ళూ తీశారు. ఫ్యాక్టరీలో ఇంకొకరు పోయారన్న గుసగుస హాలంతా పాకింది.

ఊళ్ళో ఉన్నవి రెండే: పశువుల్ని కోసే ఫ్యాక్టరీ, ఇంటర్నెట్ తీగ వేసిన కంపెనీ. వల తీగ కంపెనీది, వలస ఫ్యాక్టరీ కూలీలది. ఫ్యాక్టరీలో మాంసం కోసే కత్తుల లైను వేగం పెంచాక తెగిన వేళ్ళ ఫొటోలను కార్మికులు తమ వెబ్‌సైటులో పెట్టారు. వారం తిరగకుండా ఫ్యాక్టరీ, తీగ కంపెనీ చెయ్యి చెయ్యి కలిపాయి. ఫ్యాక్టరీ ప్రకటనలు రెప్పపాటులో తెరుచుకునేవి. వేళ్ళ పేజీకి రెండు నిమిషాలు పట్టేది. అంతసేపు ఎవరాగుతారు? సమ్మె ఓటు వచ్చే వారమే. ఊరికి సంగతి తెలియకపోతే ఊరు తోడు రాదు.

అలా నెమ్మది చేయొచ్చా అని తేల్చడానికి ప్రభుత్వ కమిషన్ ఇవాళ ఈ హాలుకొచ్చింది. విచారించేదీ కమిషనే, పుచ్చుకునేదీ కమిషనే. ఏది ఏదో మొహం చూసి పోల్చుకోవడం కష్టం.

కంపెనీ లాయరు గంటసేపు లాగాడు. తీగ తమ సొత్తనీ, దుకాణంలాంటిదనీ, ముందు అరలో ఏ సరుకు పెట్టాలో యజమాని ఇష్టమనీ అన్నాడు. వాళ్ళు తెచ్చుకున్న ప్రొఫెసరు, ఇంటర్నెట్‌కు ఎల్లలుండవనీ, చట్టం దాన్ని అందుకోలేదనీ సెలవిచ్చాడు.

తర్వాత ప్రజల వంతు. తలా రెండు నిమిషాలు. పేరు రాసిన ప్రతివాళ్ళనూ వినేదాకా విచారణ ముగించకూడదని నియమం. ఎనభై ముగ్గురు రాశారు.

ఒబ్దూలియా మైకు ముందుకొచ్చింది. ఎడమచేతికి మూడే వేళ్ళు.

"ఎల్లలు లేవంటున్నారు, మరి మా వీధి మొదట్లోనే ఎందుకాగిపోయింది సారూ? దుకాణమంటున్నారు, ఊరికంతా ఒక్కటే ఉంటే అది దుకాణమా, దారా? స్తంభాలు మా రోడ్డు మీదే పాతారు. రోడ్డు మీద పోయే లారీని ఎవరిదో అడిగి వదలరు కదా. మా పేజీ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు. మీరూ ఆగి చూడండి."

అంది, నోరు మూసుకుంది. గడియారం తిరిగింది. కమిషన్ అధ్యక్షుడు దగ్గాడు. తర్వాతివాడు వచ్చి రెండు నిమిషాలు ఊరకే నిలబడ్డాడు. ఆ తర్వాతామె కూడా. ఏడో మౌనానికి అధ్యక్షుడు ముగించబోతే, గుమాస్తా లేచి నియమం చదివాడు.

లాయరు చెమట తుడుచుకున్నాడు. "ఇది వేళాకోళం."

"కాదు సారూ, మీరమ్మే సరుకే," అంది ఒబ్దూలియా.

రెండున్నరకు ఫ్యాక్టరీ కూత వేసింది. రెండో షిఫ్టువాళ్ళంతా హాల్లోనే ఉన్నారు. కుర్చీ ఒక్కటీ కదల్లేదు. ఓటు వచ్చే వారమైనా, సమ్మె ఇవాళే మొదలైపోయింది. బంగాళాదుంపల పళ్ళెం వరసల మీదుగా చేతులు మారింది.

పొద్దు వాలుతుండగా చివరి పేరు పిలిచారు. వెండెల్ నల్లకోటు సర్దుకుని మైకు పట్టుకున్నాడు.

"ఎవరూ చావలేదు, టోపీలు పెట్టుకోండి. నా ఫోనూ ఆ కంపెనీ తీగ మీదే. ఈ అమ్మాయి విచారణంటే నాకు విచారమని వినబడింది. తప్పు నా చెవిది కాదు. కానీ ఎవరు పోయారనే అడిగాను, నిజమా అని అడగలేదు. ఆ ఫ్యాక్టరీలో మనిషి పోయాడంటే ఈ ఊళ్ళో ఎవరికీ అనుమానం రాదు. మీ టోపీలే సాక్ష్యం."

గడియారం చూసుకున్నాడు.

"ఇంకా నిమిషం ఉంది."

ఆయన నిలబడ్డాడు. హాలంతా లేచి నిలబడింది.