రాగి తొట్టిలో పాలపొంగు

నేను ఒక ఇనప చక్రాన్ని. ఆరు రెక్కలు, వాటికి రబ్బరు తొడుగు. ఇంజనీర్లు నన్ను ఇంపెల్లర్ అంటారు. మనుషులంటే నాకు అసహ్యం. ఆ మాట మర్యాదగా చెప్పేంత వ్యవధి ఇప్పుడు నాకు లేదు.

విజయవాడ ఆటోనగర్‌లోని ఒక ఫౌండ్రీలో నన్ను పోతపోశారు. అక్కణ్ణించి లారీలో పల్నాటి కొండల మధ్య ఉన్న ఒక రాగి శుద్ధి కర్మాగారానికి వెళ్లాను. అక్కడ పిండిలా నూరిన రాయిని, కాస్త మందును నీళ్లలో కలిపి పెద్ద తొట్టిలో పోస్తారు. అడుగున నేను తిరుగుతూ గాలిని బుడగలు చేస్తాను. మందు పట్టిన రాగి రేణువు బుడగకు తగిలితే అంటుకుని పైకి తేలుతుంది. ఉత్త రాతిపొడి మడ్డిగా బయటికి పోతుంది. నేను మరీ నెమ్మదిగా తిరిగితే రేణువూ బుడగా కలుసుకోవు. మరీ జోరుగా తిరిగితే కలుసుకుంటాయి గానీ, ఆ సుడుల్లో అంటుకున్నది కాస్తా ఊడిపోతుంది. ఇంతే విద్య. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు, అందుకే కాబోలు పెద్ద చదువుల వాళ్లకు పట్టుబడలేదు.

ఆపరేటర్ ఏసురత్నానికి పట్టుబడింది. నేను వచ్చేనాటికే అతను పంతొమ్మిదేళ్లుగా ఆ తొట్టి దగ్గర ఉన్నాడు. రోజూ కాసిని మడ్డినీళ్లు రేకు పళ్లెంలో పట్టి, చేటలో బియ్యం చెరిగినట్టు మెల్లగా ఆడించేవాడు. పళ్లెం అంచున రాగి ఖనిజం పసుపు గీతలా మెరిసిందంటే రాగి వృథాగా పోతున్నట్టు లెక్క.

ఒకరోజు ఛైర్మన్ వస్తున్నాడన్నారు. మేనేజరు గోపీకృష్ణకు హడావిడి పట్టుకుంది.

"గృహప్రవేశంలో పాలు పొంగినట్టు పొంగాలయ్యా నురగ! ఛైర్మన్ గారు కళ్లారా చూడాలి."

"ఇయ్యి పాలు కాదు సార్," అన్నాడు ఏసురత్నం. "జోరు పెంచితే నురగైతే పొంగుద్ది. రాగి మాత్రం నిలవదు, మడ్డిలోకి పోద్ది."

"శుభమా అని చేసుకుంటుంటే అడ్డుపుల్లలేంటి రత్నం? చెప్పింది చెయ్యి."

నా జోరు పెంచడానికి మోటారుకు పెద్ద పుల్లీ బిగించారు. నాకు కళ్లు తిరిగాయి. నురగ తొట్టి దాటి ఛైర్మన్ బూట్ల దాకా పారింది. కొబ్బరికాయ కొట్టారు, చప్పట్లు కొట్టారు. రాగిని మోసే నురగ నల్లగా, బరువుగా ఉంటుంది. ఆ రోజుది చాకిరేవు నురగలా తెల్లగా ఉంది. పాలలాగే ఉందని ఆ పెద్దమనుషులు మురిసిపోయారు!

అచ్చివచ్చిందని ఆ పుల్లీని అలాగే ఉంచేశారు. పసుపు గీత ఉన్న పళ్లెం పట్టుకుని ఏసురత్నం మూడుసార్లు ఆఫీసుకు వెళ్లాడు. మూడోసారి, బల్ల మీద మట్టి పెట్టొద్దన్నాడట మేనేజరు.

నెల తిరిగేసరికి మడ్డిలో రాగి ఉందని ల్యాబు తేల్చింది. తప్పు ఎవరో ఒకరి నెత్తిన రుద్దాలి కదా. ఆపరేటర్ అశ్రద్ధ అని రాసి ఏసురత్నాన్ని సస్పెండ్ చేశారు. మర్నాడే చిన్న పుల్లీ తిరిగి వచ్చింది. దాన్ని మార్చినట్టు ఏ కాగితం మీదా లేదు. వారంలో రాగి తేలింది.

"మనిషిని మార్చగానే దారికొచ్చింది సార్," అని తొట్టి పక్కనే నిలబడి ఛైర్మన్‌కు ఫోన్లో చెప్పాడు గోపీకృష్ణ. థూ! ఉమ్మడానికి నాకు నోరు లేదు.

నోరు లేకపోయినా సాక్ష్యం ఉంది. ఆ నెల రోజుల పరుగుకు నా రబ్బరు చీరుకుపోయింది, రెక్కల అంచులు కోసుకుపోయాయి. ఆ సంగతి ఊహించినవాడు ఏసురత్నం ఒక్కడే. గేటు దగ్గరికి వచ్చి కాపలావాడితో చెప్పాడట.

"సోమవారం విచారణంట. తొట్టి తెరిచి ఆ చక్రం చూపించమని సారుకు చెప్పన్నా. ఎంత జోరు తిప్పారో అదే చెప్పుద్ది."

కాపలావాడు తొట్టి దగ్గరికి వచ్చి మేనేజరుకు ఆ మాట చెప్పాడు. మేనేజరు శ్రద్ధగా విన్నాడు. అతను శ్రద్ధగా వినడం నేను అదే మొదటిసారి చూశాను. శుక్రవారం మధ్యాహ్నానికి నన్ను ఊడదీసి పాత ఇనుము లారీ ఎక్కించారు.

ఇవాళ శనివారం. ఇక్కడ కొలిమి రాజేస్తున్నారు. కరిగిపోవడం నాకు కొత్త కాదు, దానికి బాధ లేదు. సోమవారం ఏసురత్నం అడిగినట్టే తొట్టి తెరుస్తారు. అతన్ని దగ్గరికి పిలిచి మరీ చక్రాన్ని చూపిస్తారు. గీత కూడా పడని కొత్త చక్రాన్ని.