ఎవరింటి మసి

లాండ్రీ ఆవిడకు ఉతకడం ఎంత బాగా వచ్చో పగ పట్టడమూ అంత బాగా వచ్చు. రెండేళ్ల కిందట, మిల్లు పొగకు ఆరేసిన దుప్పట్లన్నీ మసిబారుతున్నాయని మొరపెట్టుకోబోతే మిల్లు యజమాని నలుగురిలో నవ్వాడు. "మంచిదేగా! ఇంకోసారి ఉతుక్కో" అన్నాడు. అప్పటికది కోపమే. ఆమె పెంచుకుంటున్న చెల్లెలి కూతురికి ఉబ్బసం పట్టుకున్నాక పగైంది.

ఇప్పుడు ఆ మహానుభావుడు రెండో బొగ్గు బాయిలరు పెడతాడట. ఒక్కదానికే నాలుగు మెట్లెక్కితే రొప్పే పిల్ల, రెండోదొస్తే బతికి బట్టకడుతుందా? అనుమతి ఇచ్చే ముందు జనం మాట వినాలి కాబట్టి అధికారులు శుక్రవారం సభ పెట్టారు.

పిల్ల కాలేజీ స్నేహితులను వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. "ఈ పొగ మన ఊపిరితిత్తులతో ఆగదండీ. ఏటేటా ఎండలు ముదిరేదీ దీనివల్లే" అని చెప్పి, ఇంటికో తెల్లగుడ్డ ఇచ్చి, వారం రోజులు డాబా మీద కట్టమంది. నలభై ఇళ్లవాళ్లు కట్టారు. గుడ్డలు కలిసిపోకుండా లాండ్రీ ఆవిడ ప్రతిదాని మూలన చెరగని సిరాతో ఆ ఇంటి గుర్తు వేసింది. రోజూ వాళ్ల బట్టల మీద వేసే గుర్తే, ఒకరికి చుక్కలు, ఒకరికి గీతలు.

సభలో గుడ్డలు కుప్పగా పోశారు. అన్నిటికన్నా నల్లనిదాన్ని ఆవిడే పైన పెట్టింది. యజమాని సరిగ్గా దాన్నే రెండు వేళ్లతో ఎత్తి అధికారికి చూపించాడు.

"ఇది డాబా మీద కట్టిందేనా సార్? పొయ్యి మీద పట్టి తెచ్చారు. ఇది ఏ ఇంటిదో గానీ, ఇంతటి అబద్ధాలకోర్లు ఊళ్లో ఇంకెవరూ ఉండరు."

"మూల చూడండి బాబుగారూ" అంది లాండ్రీ ఆవిడ. ఆమె గొంతులో తేనె కారుతోంది. "మూడు చుక్కలు, కింద గీత. మీ కాలరు లోపలా అదే ఉంటుంది."

వెనక కూర్చున్న మేనేజరు ఆగలేక యజమాని కాలరు తిప్పి చూశాడు. చూసి, ఎవరూ అడగకుండానే తల దించుకున్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. యజమాని మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. మిల్లు వెనకే ఇల్లు కట్టుకుని, కిటికీలు బిగించుకుని ఏసీలో పడుకునే మనిషి సొంత డాబా ఎక్కి ఎన్నాళ్లయిందో! లాండ్రీ ఆవిడకు కడుపు నిండిపోయింది.

"మా ఇంట్లో ఎవరు కట్టారిది?" అని అరిచాడు.

"నేనేరా." చివరి వరుసలోంచి వాళ్లమ్మ లేచింది. "ఆ పిల్ల రొప్పుకుంటూ మన మెట్లెక్కి వచ్చి ఇచ్చింది. నేను దగ్గితే ముసలి దగ్గన్నావు. ఆ పిల్లదీ ముసలి దగ్గేనా?"

ఆవిడ కొడుకును వదిలేసి అధికారి వైపు తిరిగింది.

"రెండోది వద్దని వీళ్లంతా చెప్పారు కదా బాబూ. నా పేరు మీద ఇంకో మాట రాసుకో. మొదటిది కూడా ఆపించు."