మిరప కల్లంలో ఉత్తరం

పొదిలి బస్టాండు పక్కన రేకుల బంకులో చెంచయ్య పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళ గిన్నె పెట్టుకుని, మొరాయించిన పాత ఇంకు పెన్నులకు స్నానం చేయిస్తాడు. పాళీ కింద ఎండి పేరుకున్న ఇంకు కరిగితే పెన్ను మళ్ళీ దారిలోకొస్తుంది. రాసి చూసుకుంటాడు. చూసి, తడి ఆరకముందే బొటనవేలితో అలికేస్తాడు.

"నలభై ఏళ్ళ సర్వీసు. ఈ వేలికి మాత్రం పని పట్టుబడలా," అని ఎదుటివాళ్ళకంటే ముందు తనే నవ్వుతాడు.

ఇంకు ఆరట్లేదని వచ్చేవాళ్ళను మాత్రం వెనక్కి పంపేస్తాడు. అది పెన్ను రోగం కాదు. మనసొప్పక రాసిన మాట ఆరదు. ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. పెళ్ళిసంబంధాల ఉత్తరాలైతే వారాల తరబడి చేతికి అంటుతూనే ఉంటాయి.

ఆ రోజు పదింటికి సాల్మన్ వచ్చాడు. తండ్రి కాదన్నా వినకుండా చెంచయ్య కూతురు భవ్య తొమ్మిదేళ్ళ కిందట పెళ్ళాడింది ఇతన్నే. జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. చెంచయ్య చేతిరాతే. 'నువ్వు నా కూతురివి కాదు.' ఆరిందో లేదో చూడకుండానే అప్పట్లో కవర్లో పెట్టి పోస్టు చేశాడు. చూడ్డానికి భయమేసింది మరి.

"భవ్య నిన్న పొద్దున పోయిందండి. జ్వరం. ఐదు రోజులే."

చెంచయ్య చెయ్యి నీళ్ళ గిన్నెలో అలాగే ఉండిపోయింది.

"ఏటా కల్లంలో మిరపకాయలు ఆరబోసినప్పుడు దీన్నీ పక్కన పెట్టేదండి. పది రోజులకు కాయలు గలగలమనేవి. ఇది మాత్రం తడే. 'చూశావా, మా నాన్న ఎప్పటికైనా వస్తాడు' అనేది."

"నాకొక్క మాట చెప్పొచ్చు గదరా!"

"మీకు తెలియకుండా ఉంటుందా అనుకుందండి."

చెంచయ్య కాగితాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

"నిన్నటినుంచి ఆరుతోందండి," అన్నాడు సాల్మన్. "మొత్తం ఆరిందంటే మా పాపకు తాత లేనట్టే. ఇంకు సంగతి తెలిసినవాళ్ళు, ఏదైనా చేస్తారేమోనని..."

ఇంకు పారించడానికి చెంచయ్యకు వంద ఉపాయాలు తెలుసు. ఆరకుండా ఆపడానికి ఒక్కటీ తెలియదు. చూస్తుండగానే మూడో మాట మెరుపు తగ్గి మసకబారింది. చివరి మాట 'కాదు' ఒక్కటే ఇంకా తళతళలాడుతోంది. పని పట్టుబడని ఆ బొటనవేలిని దాని మీద పెట్టి గట్టిగా అలికేశాడు.

మిగిలిన మూడు మాటలూ ఆరిపోయాయి.

బంకు మూసి సాల్మన్‌తో వాళ్ళ ఊరికి, దాచేపల్లి వైపు బస్సెక్కాడు. సాయంత్రం గుంటలో పిడికెడు మట్టి వేసి నిలబడ్డప్పుడు, ఏడేళ్ళ మనవరాలు శ్రీరమ్య వచ్చి ఆ నీలం వేలు పట్టుకుంది. పిల్ల అరచేతికి మరక అంటింది.

అంటీ అంటగానే ఆరిపోయింది.