కదలని మొగ

డెబోరా చేసిన ఆటకు ఇప్పటికి మూడువందల పన్నెండు అభిప్రాయాలు వచ్చాయి. వాటిలో అయిదుకి ఒకే ఒక్క చుక్క ఇచ్చిన మనిషి ఎవరయ్యా అంటే, వాళ్ళ పాళెంలోనే ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకునే మస్తానయ్య. మనవరాలి ఫోన్లో ఆయన చెప్పి రాయించిన ముక్క ఇది: "బొమ్మ బాగుండాది. మొగ కదలడంలా. ఇది అబద్ధం."

అది చదివి డెబోరా పగలబడి నవ్వింది. వలలు కుట్టుకునే ముసలాయనకు ఆటల డిజైన్ గురించి ఏం తెలుసులే అనుకుంది.

ఆట పేరు 'మొగ దాటు'. ఏరు సముద్రంలో కలిసేచోట, ఇసుక తిన్నెల మధ్య పడవలు లోపలికి రావడానికి ఒక సందు ఉంటుంది. అదే మొగ. ఆటను ఫోన్లోకి దించుకునే పని లేదు, బ్రౌజర్లో లింకు నొక్కితే చాలు. ఒడ్డున ఎర్రజెండా కట్టిన కర్ర కనిపిస్తుంది, దాని వెనక దూరంగా చర్చి మీద సిలువ. జెండా, సిలువ ఒకే వరసలోకి వచ్చేదాకా పడవను పక్కకు జరిపి, ఆ వరస తప్పకుండా లోపలికి రావాలి. సమాధానం అని పేరున్న వాళ్ళ నాన్న ముప్పై ఏళ్ళుగా పడవ మీద చేస్తున్నదీ ఇదే, కాకపోతే ఆయనకు ఎవరూ స్కోరు వెయ్యలేదు.

మొదట్లో ఆమె ప్రతి ఆటకూ మొగను వేరేచోట పెట్టింది. నిజం మొగ కూడా పెద్ద తుఫాను వచ్చినప్పుడల్లా కదులుతుంది కదా. ఆడినవాళ్ళు తిట్టిపోశారు. దారి నేర్చుకునేలోపే దారి మారిపోతే ఎలా ఆడేదని ఒకరు, ఇది ఆట కాదు లాటరీ అని ఇంకొకరు. అందరికన్నా గట్టిగా గోలపెట్టింది ఆమె తమ్ముడు అబ్రహామే. నాయుడుపేట దగ్గర కంపెనీలో పనిచేస్తూ, హాస్టల్లో ఖాళీ దొరికితే చాలు ఇదే ఆడేవాడు. "మజా లేదక్కా, ఒకచోట నిలబెట్టు" అని ప్రాణం తీశాడు. సరేనని డెబోరా మొగను మేకు కొట్టినట్టు ఒకచోట నిలబెట్టేసింది. జనం గోల ఎక్కువైనచోట నిజం కాస్త పక్కకు జరగడం ఆటల్లోనే కాదులెండి, అంతటా ఉన్నదే.

అప్పటినుంచి పొగడ్తలు. అచ్చం మా మొగలాగే ఉందని బోగోలువాళ్ళు రాశారు. ఒకసారి తెరిస్తే తరవాత నెట్ లేకపోయినా ఆడుతుందని మెచ్చుకున్నారు. పదివేల స్కోరు దాటాక జెండా మాయమైపోయి ఒట్టి సిలువను చూసుకుని రావాల్సివస్తుంది, ఆ కిక్కే వేరని ఇంకొందరు. ఆమె ఆ మాటల్ని రోజుకు రెండుసార్లు చదువుకునేది.

ఆ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు కూడా అందుకే ఫోను తెరిచింది. నాన్న జ్వరంతో కావలి ఆసుపత్రిలో ఉన్నాడు, అమ్మ ఆయన దగ్గరుంది. పాళెమంతా ప్రార్థనకు గుడికి పోయింది. కొత్త అభిప్రాయం ఒకటి కనిపించింది, తెల్లవారుజామున నాలుగూ యాభైకి రాసింది: "ఇవాళ నిజం మొగలో ఆడబోతున్నా. నాన్న పడవ, నేనొక్కణ్ణే. స్కోరు వచ్చినాక చెప్తా. ఇట్లు, కింగ్ అబ్బు."

కింగ్ అబ్బు అంటే అబ్రహామే. నాన్నను చూడటానికి రాత్రే దిగాడు.

పోయిన నెల తుఫానుకు పాత మొగ ఇసుకతో పూడిపోయి, రెండువందల అడుగులు ఉత్తరంగా కొత్తది తెగింది. జెండా కర్ర కూడా అప్పుడే పడిపోయింది. ఈ సంగతి పాళెంలో అందరికీ తెలుసు. తెలిసిన సంగతి గనకే ఎవరూ అబ్బుకు చెప్పలేదు. నాన్న ఏనాడూ వాడి చేతికి ఇంజను ఇచ్చినవాడు కాదు. వాడికి తెలిసిన మొగ ఒకటే, అక్క చేసింది. తెల్లవారుజామున పోటు మీద నీళ్ళు తిన్నెను ముంచేసి ఉంటాయి, ఎటునుంచి పోయినా పోయుంటాడు. వచ్చేటప్పటికి ఆటుకు నీళ్ళు తీసేస్తాయి. వాడు వెనకాలే చూసుకుంటూ రావడానికి సముద్రం మీద ఇంకో పడవా లేదు. ఆదివారం ఇక్కడ ఎవరూ వేటకు పోరు.

ఫోను చేసింది. అందుబాటులో లేడు. మళ్ళీ చేసింది, మళ్ళీ అదే మాట. లాప్‌టాప్ తెరిచి, ఆటలో మొగను ఉత్తరానికి జరిపి, మార్పు ఎక్కించేసింది. వాడు దారి చూసుకోవడానికి ఒక్కసారి ఆట తెరిచినా చాలు, కొత్త మొగ కనిపిస్తుంది. ఆ ఊరట నిమిషం కూడా నిలవలేదు. నెట్ లేకపోయినా ఆడుతుంది! వాడి ఫోన్లో ఉన్నది పాత ఆట, సముద్రం మీద అదే తెరుచుకుంటుంది. జెండా లేదేమిటని ఆగుతాడా అంటే, వాడి స్కోరు పదివేలు ఎప్పుడో దాటింది. జెండా లేకుండా రావడం వాడికి అలవాటే. అలవాటు చేసింది తనే.

"ప్రభువా, ప్రభువా" అనుకుంటూ ఒడ్డుకు పరుగెత్తింది.

మస్తానయ్య వల ఒళ్ళో పెట్టుకుని కూర్చునున్నాడు. "తాతా! అబ్బు ఒక్కడే వేటకి పోయినాడు తాతా! పాత మొగ గుండానే వస్తాడు!"

ముసలాయన లేచి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పాత మొగ ఉన్నచోట అల నిలువునా లేచి ఇసుకమీద విరుచుకుపడుతోంది. అందులో పడవ పడితే బోర్లా కొట్టేస్తుంది.

"పడవ తీసుకోని ఎదురు పోదాం తాతా."

"యాడని ఎతుకుతావు మ్మే? వచ్చేది ఈడికే గదా." ఆయన ఇసుకలో పడున్న పాత జెండా సరుగుడు కర్ర వైపు చూశాడు. "నీ ఆటలో ఏం చూసి రమ్మన్నావు వాణ్ణి?"

"జెండా, సిలవ."

"అయితే జెండా నిలబెట్టు."

గుడి వాకిట్లోనుంచి డెబోరా పెట్టిన కేకకు పాట ఆగిపోయింది. నలుగురు ఆడవాళ్ళు కొంగులు దోపుకుని పరుగున వచ్చారు. మస్తానయ్య ఉత్తరపు ఒడ్డున నడుస్తూ, అల విరగకుండా నీళ్ళు నల్లగా సాగుతున్న చోటును చూసుకున్నాడు. వెనక్కి తిరిగి సిలువను చూశాడు, నాలుగడుగులు జరిగాడు, ఇంకో అడుగు జరిగాడు. "ఈడ తవ్వండి" అన్నాడు. తవ్వేకొద్దీ తడి ఇసుక జారి గుంటలో పడుతోంది. డెబోరా గోళ్ళు చిట్లాయి. తన ఎర్ర చున్నీని కర్ర చివర కట్టింది, ముడి పడక రెండుసార్లు జారిపోయింది. కర్ర నిలబడేసరికి ఇంజను చప్పుడు వినిపించింది.

పడవ సిలువకు ఎదురుగా, పాత మొగ మీదికి నేరుగా వస్తోంది.

వాడు ఒడ్డును చూడటం లేదు, పైన సిలువనే చూస్తున్నాడు. డెబోరా కర్రను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఈ ఆట చెయ్యకుండా ఉంటే ఎంత బాగుండును, ఆ మూడువందల మందీ ఛీ కొట్టి ఉంటే ఎంత బాగుండును అనుకుంది. ఆడవాళ్ళు గట్టిగా ప్రార్థిస్తున్నారు. పడవ ఇంకా దగ్గరైంది. చున్నీ గాలికి రెపరెపలాడింది.

ఇంజను చప్పుడు తగ్గింది. పడవ అక్కడే ఊగింది, ఎంతసేపు ఊగిందో ఆమెకు తెలియదు. తరవాత ముక్కు ఉత్తరానికి తిరిగింది.

"చూసినాడు" అన్నాడు మస్తానయ్య.

జెండా, సిలువ వరసలోకి వచ్చేదాకా పడవ పక్కకు జరిగి, నల్లనీళ్ళ మీదుగా లోపలికి వచ్చేసింది. అబ్బు ఈలవేస్తూ మోకాటిలోతు నీళ్ళలోకి దూకాడు. "అచ్చం ఆటలో మాదిరే వచ్చినా గదక్కా! బో బాగా చేసినావులే. అయిదు చుక్కలిచ్చుకో!"

డెబోరా వాడి చెంప ఛెళ్ళుమనిపించింది. వాడి జేబులోని ప్లాస్టిక్ కవరు లాగి, ఫోను తీసి, వాడు వద్దు వద్దంటున్నా పాత ఆటతో సహా బ్రౌజర్లో దాచుకున్నదంతా చెరిపేసింది.

"పదకొండువేల నాలుగొందలక్కా!" అన్నాడు వాడు ఏడుపుగొంతుతో. "రెండేళ్ళు ఆడినా!"

ఆమె వాడి తలను రెండు చేతులతో పట్టుకుని దక్షిణానికి తిప్పింది. పాత మొగ ఉన్నచోట నీళ్ళు ఇంకా తగ్గాయి. ఇసుక తిన్నె వీపు పైకి తేలింది. దానిమీద అల లేచి, విరిగి, మళ్ళీ లేచింది. అబ్బు చాలాసేపు అటే చూశాడు. వాడి తల ఆమె చేతుల్లో వణకడం మొదలైంది. ఆ తరవాత వాడు స్కోరు మాట ఎత్తలేదు.